అంతర్జాతీయ సంబంధాలను వాడ నుంచి చదివితే

దసరా సెలవులకు మల్దకల్ వచ్చినప్పుడు పెద్దమ్మ అడిగింది. "ఇంకా ఎన్నేండ్లు సదువుతవ్ బిడ్డా? ఇంతకూ ఆ సదువు పేరేంది?" ఇంటర్నేషనల్ రిలేషన్స్ అన్నాం. దేశాల మధ్య సంబంధాలు, యుద్ధాలు, ఒప్పందాలు, వ్యాపారాలు అని విడమరిచి చెప్పాం. కాసేపు విని, "మనకూ ఆ దేశాలకూ ఏం సంబంధం?" అంటూ లేచి చేనుకు పోయింది.

ఆమె పోయింది సీడ్ పత్తి చేనుకు. కృష్ణా తుంగభద్రల మధ్య ఉన్న ఈ నడిగడ్డలో మల్దకల్, గట్టు, ధరూర్, అయిజ మండలాలు హైబ్రిడ్ పత్తి విత్తనానికి పేరుమోసినవి. సాయంత్రం ఆడ మొక్క మొగ్గల్ని ఒక్కొక్కటే ఒలిచి మగ భాగాలు తీసేయాలి, మర్నాడు పొద్దున మగ పువ్వు తెచ్చి రుద్దాలి. దీన్నే క్రాసింగ్ అంటాం. యంత్రం చేయలేని పని, వేళ్లతో చేసే పని, సీజనంతా రోజూ చేయాల్సిన పని. విత్తనం ఆర్గనైజర్ చేతికి పోతుంది, అక్కడి నుంచి కంపెనీకి పోతుంది. జీవోటీ పరీక్షలో ఫెయిలయిందంటే రైతు మునుగుతాడు. రైతు మునిగితే కూలి ముందే మునుగుతుంది.

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ కాలేజీల్లో బీఏ చదివే మన పిల్లలు మమ్మల్ని తరచూ అడిగేవి మూడు ప్రశ్నలు. ఈ సబ్జెక్టు మనకెందుకు? ఎక్కడ చదవాలి? ఎంత అవుతుంది? పెద్దమ్మ అడిగింది కూడా అందులో మొదటి ప్రశ్నే. కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడతాం. మిగతా రెండింటికి చివర్లో వస్తాం, అవి కూడా చిన్న ప్రశ్నలేం కావు.

మల్దకల్ నుంచి జర్మనీ దాకా

2000 తర్వాతి తొలి ఏళ్లలో మహబూబ్‌నగర్, కర్నూలు జిల్లాల పత్తి విత్తన చేలల్లో పిల్లలు, అందులోనూ ఎక్కువగా ఆడపిల్లలు పని చేస్తున్న తీరు మీద హైదరాబాద్ పరిశోధకుడు దావులూరి వెంకటేశ్వర్లు వరుసగా అధ్యయనాలు చేశారు. 2003లో వచ్చిన అధ్యయనాన్ని ఇండియా కమిటీ ఆఫ్ ద నెదర్లాండ్స్ అనే సంస్థ చేయించింది. విత్తనం కొంటున్న వాళ్లలో యూనిలీవర్, బేయర్, మోన్‌శాంటో లాంటి బహుళజాతి కంపెనీల పేర్లు అందులో బయటికొచ్చాయి. యూరప్ పత్రికల్లో గొడవైంది. 2004లో జర్మనీలోని పౌర సంస్థలు బేయర్ మీద ఓఈసీడీ మార్గదర్శకాల కింద అక్కడి ప్రభుత్వానికి ఫిర్యాదు చేశాయి. ఓఈసీడీ అంటే ప్రధానంగా ధనిక దేశాల కూటమి. తమ దేశపు కంపెనీలు బయటి దేశాల్లో ఎలా నడుచుకోవాలో 1976లోనే అది కొన్ని మార్గదర్శకాలు రాసుకుంది. వాటికి కోర్టు శిక్షలుండవు. కానీ ఫిర్యాదు తీసుకోవడానికి ఒక కార్యాలయం మాత్రం ప్రతి సభ్య దేశంలో ఉండాలి. పాలమూరు చేలో మొగ్గ ఒలిచిన పిల్ల సంగతి ఆ కార్యాలయం బల్ల మీదికి చేరింది.

తర్వాత కంపెనీలు తనిఖీలు పెట్టాయి, బడులకు డబ్బిచ్చాయి, బాల కార్మికులు లేని చేలకు ప్రోత్సాహకాలు ప్రకటించాయి. బాల కార్మిక నిర్మూలన మీద అంతర్జాతీయ కార్మిక సంస్థ చేసిన రెండు ప్రధాన ఒప్పందాలు 138, 182. మొదటిది 1973 నాటిది, రెండోది 1999 నాటిది. భారత్ ఈ రెంటినీ ఆమోదించింది 2017 జూన్ 13న. అంటే మొదటి ఒప్పందానికి 44 ఏళ్ల తర్వాత. 2018లో మోన్‌శాంటోను బేయర్ కొనేసింది. 2023 జనవరి నుంచి జర్మనీలో సరఫరా గొలుసు చట్టం అమలులోకి వచ్చింది. దాని ప్రకారం పెద్ద కంపెనీలు తమకు సరుకిచ్చే వాళ్ల దగ్గర మానవ హక్కులు ఎలా ఉన్నాయో చూసుకోవాలి.

అంతర్జాతీయ సంబంధాల సిలబస్‌లో గ్లోబల్ గవర్నెన్స్ అనీ, ట్రాన్స్‌నేషనల్ యాక్టర్స్ అనీ పాఠాలుంటాయి. వాటికి ఉదాహరణలు జెనీవా నుంచి, బ్రసెల్స్ నుంచి ఇస్తారు. మా మండలం నుంచే ఇవ్వొచ్చని మాకు పీహెచ్‌డీ రెండో ఏడు దాకా తట్టలేదు. సబ్జెక్టు మనకు దూరమైంది కాదు, దాన్ని మనకు దూరంగా ఉంచి చెప్పారు.

ఇంకో సంగతి కూడా ఉంది. యూరప్‌లో ఆ చర్చ అంతా వయసు చుట్టూ నడిచింది. పిల్ల వయసు 14 కంటే తక్కువా ఎక్కువా అన్నదే లెక్క. చేను ఎవరిది, ఆర్గనైజర్ ఎవరు, అడ్వాన్సు ఇచ్చి ఏ వాడల నుంచి కూలీలను తెచ్చుకుంటారు అన్నది ఆ లెక్కలోకి సరిగా ఎక్కలేదు. బాల కార్మికులు అన్న మాట సముద్రం దాటినంత సులువుగా మాదిగ, బోయ, కురువ అన్న మాటలు దాటవు. ఏ మాట సరిహద్దు దాటుతుంది, ఏది దాటదు, దాటనివ్వనిది ఎవరు? మా పరిశోధన పుట్టింది ఈ ప్రశ్న దగ్గరే.

పాఠ్యపుస్తకం చెప్పే పుట్టుక, చెప్పని పుట్టుక

ఏ పుస్తకం తీసినా ఒకే కథ ఉంటుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో లక్షల మంది చచ్చాక, ఇలాంటి యుద్ధం మళ్లీ రాకూడదని 1919లో వేల్స్‌లోని అబెరిస్ట్విత్‌లో మొదటి అంతర్జాతీయ రాజకీయాల పీఠం పెట్టారని. మంచి కథే. కానీ రాబర్ట్ వైటాలిస్ అనే అమెరికన్ పండితుడు 2015లో రాసిన పుస్తకంలో వేరే దారి చూపించాడు. అమెరికాలో ఈ రంగానికి మొదటి పత్రిక 1910లో వచ్చిందని, దాని పేరు జర్నల్ ఆఫ్ రేస్ డెవలప్‌మెంట్ అని. అంటే జాతుల అభివృద్ధి పత్రిక. తెల్లవాళ్లు నల్లవాళ్లను, ఆసియా వాళ్లను ఎలా పాలించాలన్నదే అప్పటి పెద్ద ప్రశ్న. 1919లో ఆ పత్రికే జర్నల్ ఆఫ్ ఇంటర్నేషనల్ రిలేషన్స్‌గా పేరు మార్చుకుంది, 1922లో ఫారిన్ అఫైర్స్‌లో కలిసింది. ఇవాళ సివిల్స్ కోచింగుల్లో భక్తిగా చదివించే ఫారిన్ అఫైర్స్ అదే.

ఆ రోజుల్లోనే వాషింగ్టన్‌లోని హోవార్డ్ యూనివర్సిటీలో నల్లజాతి పండితులు ఎదురు పాఠం రాశారు. రాల్ఫ్ బంచ్ అక్కడివాడే, 1950లో నోబెల్ శాంతి బహుమతి వచ్చింది. మెర్జ్ టేట్ అనే ఆమె ఆక్స్‌ఫర్డ్‌లో అంతర్జాతీయ సంబంధాలు చదివి, హోవార్డ్‌లో పాఠాలు చెప్పింది. 1950లో ఫుల్‌బ్రైట్ మీద మన దేశానికి వచ్చి విశ్వభారతిలోనూ బోధించింది. ఆమె పేరు ఎంఏ రెండేళ్లలో మేం ఒక్కసారీ వినలేదు.

మన దేశపు కథ కూడా చూద్దాం. ఢిల్లీలో 1955లో ఇండియన్ స్కూల్ ఆఫ్ ఇంటర్నేషనల్ స్టడీస్ మొదలైంది. 1970లో అది జేఎన్‌యూలో కలిసి స్కూల్ ఆఫ్ ఇంటర్నేషనల్ స్టడీస్ అయింది. 1956లో జాదవ్‌పూర్ యూనివర్సిటీలో విడిగా ఒక శాఖ వచ్చింది. కొత్తగా స్వతంత్రం వచ్చిన దేశానికి తనదైన చూపు కావాలన్నారు. ఇప్పుడు ఆ తనదైన చూపు పేరుతో ప్రతి క్లాసులోనూ కౌటిల్యుడు ఉన్నాడు. అర్థశాస్త్రం ఆరో అధికరణంలోని మండల సిద్ధాంతం, ఏడో అధికరణంలోని షాడ్గుణ్యం మొదటి సెమిస్టర్‌లోనే వస్తాయి. పక్క రాజ్యం శత్రువు, దాని అవతలి రాజ్యం మిత్రుడు, ఇలా బోర్డు మీద వలయాలు గీస్తారు.

అదే పుస్తకం రెండో అధికరణంలో కోట ఎలా కట్టాలో ఉంటుంది. ఏ వర్ణం వాళ్లు కోటలో ఏ దిక్కున ఉండాలో లెక్క ఉంటుంది. చండాలులు శ్మశానం అంచున ఉండాలని ఉంటుంది. ఆరో అధికరణం చదివించే వాళ్లు రెండో అధికరణం తెరవరు. బయటి వలయాలు గీసిన చెయ్యే లోపలి గీతలూ గీసిందని మేం సెమినార్‌లో చెబితే, అది సోషియాలజీ వాళ్ల పని అన్నారు. పీహెచ్‌డీ ఇంటర్వ్యూలో కూడా ఇదే మాట. కులం దేశం లోపలి విషయం, ఇది దేశం బయటి సంగతుల సబ్జెక్టు, నువ్వు తప్పు డిపార్ట్‌మెంట్‌కు వచ్చావేమో అని ఒక ప్రొఫెసర్ నవ్వుతూనే అన్నారు. ఆ యూనివర్సిటీ పేరు ఇక్కడ అవసరం లేదు. రాత పరీక్షలో మంచి మార్కులొచ్చి ఇంటర్వ్యూలో పడిపోవడం మన పిల్లల్లో చాలామందికి తెలిసిన అనుభవమే.

కులం లోపలి విషయమా?

లోపలి విషయం, బయటి విషయం అన్న ఈ విభజనను కొంచెం పట్టి చూడాలి. ఎందుకంటే మన రాష్ట్రాల, మన దేశపు చరిత్రలోనే దానికి జవాబు ఉంది.

1946లో అంబేద్కర్ అమెరికాలోని నల్లజాతి మేధావి డబ్ల్యూ.ఈ.బి. డుబోయిస్‌కు ఉత్తరం రాశారు. అమెరికాలో నల్లవాళ్లు ఐక్యరాజ్యసమితికి మహజరు పెట్టారని విన్నామనీ, అంటరానివాళ్లు కూడా అదే ఆలోచనలో ఉన్నారనీ, ఆ మహజరు ప్రతులు రెండు మూడు పంపించమనీ దాని సారాంశం. జూలై 31న డుబోయిస్ జవాబు రాశాడు. అదే ఏడు మన ప్రభుత్వం దక్షిణాఫ్రికాలోని భారతీయుల మీద వివక్ష గురించి ఐక్యరాజ్యసమితిలో ఫిర్యాదు పెట్టింది. ఆ భారతీయుల్లో తెలుగువాళ్లు తక్కువేం కాదు. 1860లో మద్రాసు నుంచి నాటాల్‌కు పోయిన మొదటి ఓడ ట్రూరో దగ్గర్నుంచీ చెరకు తోటల కూలీలుగా పోయినవాళ్లు. వివక్ష అక్కడ జరిగితే అంతర్జాతీయ విషయం, ఇక్కడ జరిగితే అంతర్గత విషయం అన్న లెక్క అప్పుడే మొదలైంది.

1948 సంగతి మన ప్రాంతానిది. అప్పటికి గద్వాల హైదరాబాద్ రాష్ట్రంలో రాయచూరు జిల్లా కింద ఉండేది, 1956లో గానీ మహబూబ్‌నగర్‌లోకి రాలేదు. పోలీసు చర్య సమయంలో నిజాం ప్రభుత్వం భద్రతా మండలికి ఫిర్యాదు చేసింది. సెప్టెంబర్ 16న పారిస్‌లో మండలి దాన్ని చర్చకు తీసుకుంది. మొయిన్ నవాజ్ జంగ్ నాయకత్వంలో పోయిన ఆ ప్రతినిధి బృందంలో బి. శ్యాంసుందర్ ఉన్నారు. హైదరాబాద్ దళిత ఉద్యమ నాయకుడు, తర్వాత 1968లో గుల్బర్గాలో భీంసేన పెట్టిన మనిషి. ఆయన నిజాం వైపు నిలబడటం సరైందా కాదా అన్న వాదన మనలో ఇప్పటికీ ఉంది, ఉండనివ్వండి. అంబేద్కర్ వైఖరి వేరు, ఆయన హైదరాబాద్ విలీనం కావాలన్నారు. మేం చెప్పేది ఒక్కటే. భద్రతా మండలి మెట్లెక్కిన ఒక దళిత నాయకుడు మన హైదరాబాద్ నుంచే పోయాడు. హైదరాబాద్ ప్రశ్న మీద వచ్చిన పరిశోధనల్లో ఆయనకు దొరికేది ఎక్కువగా పేర్ల జాబితాలో ఒక చోటు.

1951లో అంబేద్కర్ మంత్రి పదవికి రాజీనామా చేసినప్పుడు హిందూ కోడ్ బిల్లు గురించి మాత్రమే అందరూ చెబుతారు. ఆయన ప్రకటనలో విదేశాంగ విధానం కూడా ఒక కారణం. దేశానికి మిత్రులు లేకుండా చేసుకున్నామనీ, ఏటా వచ్చే 350 కోట్ల ఆదాయంలో 180 కోట్లు సైన్యానికే పోతున్నాయనీ ఆయన లెక్క చెప్పారు. విదేశాంగ విధానం తప్పితే ఆ బరువు ఎవరి కడుపు మీద పడుతుందో ఆయన చూశారని మా పఠనం. 1954లో రాజ్యసభలో పంచశీల మీద, టిబెట్ మీద ఆయన మాట్లాడింది కూడా ఇందుకు కలిపి చదవాలి. చైనా గురించి ఆయన అంచనాలన్నిటితో మేం ఏకీభవించం. కానీ భారత విదేశాంగ ఆలోచన మీద పేపరు పెట్టి నెహ్రూను, కౌటిల్యుణ్ణి చెప్పి అంబేద్కర్‌ను వదిలేయడం పొరపాటున జరిగేది కాదు.

ఇక అసలు ముడి ఇక్కడుంది. 1965లో ఐక్యరాజ్యసమితి అన్ని రకాల జాతి వివక్ష నిర్మూలన ఒప్పందాన్ని ఆమోదించింది. ఇంగ్లిష్‌లో దాన్ని సెర్డ్ ఒప్పందం అంటారు. మొదటి అధికరణంలోనే జాతి వివక్ష అంటే ఏమిటో చెబుతుంది. జాతి, రంగు, పుట్టుక, జాతీయ లేదా జాతిగత మూలం అని. అందులో పుట్టుక అన్న మాట, ఇంగ్లిష్‌లో డిసెంట్, ఎవరు పెట్టించారు? భారత ప్రతినిధి బృందం. 1968లో మనం ఆ ఒప్పందాన్ని ఆమోదించాం కూడా. ఒప్పందం అమలు చూసే కమిటీ 1996లో భారత్‌తో అన్నది ఏమిటంటే, షెడ్యూల్డ్ కులాల పరిస్థితి ఆ పుట్టుక అన్న మాట కిందికి వస్తుందని. ప్రభుత్వం రాదంది. కులం జాతి కాదంది. 2001లో డర్బన్‌లో జాతి వివక్ష వ్యతిరేక ప్రపంచ సదస్సు జరిగింది. 1998లో మొదలైన జాతీయ దళిత మానవ హక్కుల ప్రచార వేదిక, మార్టిన్ మక్వాన్, పాల్ దివాకర్, రూత్ మనోరమ లాంటి నాయకులతో, కులాన్ని ఆ సదస్సు ఎజెండాలో పెట్టించడానికి పోరాడింది. ప్రభుత్వం అడ్డుపడింది. తుది ప్రకటనలో కులం అన్న మాట రాలేదు. కానీ ఆ గొడవ వల్ల ప్రపంచానికి తెలిసింది. మరుసటి ఏడు, 2002లో, సెర్డ్ కమిటీ 29వ సాధారణ సిఫార్సు చేసింది. పుట్టుక ఆధారంగా వివక్ష అంటే కులం లాంటి వ్యవస్థలు కూడా అని అందులో స్పష్టంగా ఉంది.

2006 డిసెంబర్‌లో ఢిల్లీలో ఒక సదస్సులో ప్రధాని మన్మోహన్ సింగ్ అంటరానితనాన్ని దక్షిణాఫ్రికా వర్ణ వివక్షతో పోల్చారు. రెండు నెలలకు, 2007 ఫిబ్రవరిలో, జెనీవాలో మన ప్రతినిధి బృందం కులం ఈ ఒప్పందం కిందికి రాదని మళ్లీ వాదించింది. పార్టీలు మారినా ఈ వాదన మారలేదు. 2000లో ఏర్పడిన అంతర్జాతీయ దళిత సంఘీభావ వేదికకు ఐక్యరాజ్యసమితి ఆర్థిక సామాజిక మండలిలో సంప్రదింపుల హోదా రావడానికి దాదాపు 15 ఏళ్లు పట్టింది. ప్రతిసారీ కొత్త ప్రశ్నలతో ఫైలును వెనక్కి నెట్టింది మన దేశమే. 2022 డిసెంబర్‌లో వచ్చింది. అంతర్గత విషయమే అయితే బయట ఇంత కష్టపడి ఆపాల్సిన పనేముంది అని విద్యార్థులు అడిగితే ఆ ప్రశ్నకు మా దగ్గర మర్యాదైన జవాబు లేదు.

కార్యకర్తలకు పనికొచ్చే రెండు మాటలు. సెర్డ్ ఒప్పందంలో 14వ అధికరణం కింద వ్యక్తులు నేరుగా కమిటీకి ఫిర్యాదు చేయొచ్చు, కానీ ఆ దారిని ఆయా దేశం ఒప్పుకుని ఉండాలి. భారత్ ఒప్పుకోలేదు. కాబట్టి మన మండలంలో జరిగిన దాడి మీద ఎవరైనా అక్కడ కేసు వేయిస్తామంటే నమ్మకండి. ఉన్న దారి సార్వత్రిక సమీక్ష. నాలుగైదు ఏళ్లకోసారి ప్రతి దేశం మానవ హక్కుల రికార్డును మిగతా దేశాలు ప్రశ్నిస్తాయి. భారత్ వంతు 2008, 2012, 2017, 2022లో వచ్చింది. దానికి ముందు పౌర సంస్థలు నివేదికలు పంపొచ్చు. ఎఫ్‌ఐఆర్ నంబరు, తేదీ, చార్జిషీటు వేశారా లేదా, పరిహారం అందిందా, ఇవన్నీ సరిగ్గా రాసిపెట్టుకున్న సంఘం నివేదికకే అక్కడ విలువ. ఆవేశంగా రాసిన పది పేజీలకు కాదు.

పాస్‌పోర్టు, పదవి

స్వాతంత్ర్యం వచ్చాక ఇరవై ఏళ్లపాటు పాస్‌పోర్టు పౌరుడి హక్కు కాదు, ప్రభుత్వం దయ. కళాత్మిక నటరాజన్ అనే చరిత్రకారిణి ఆ కాలం ఫైళ్లు చదివి చూపించింది ఏమిటంటే, కూలీల్లా కనిపించే వాళ్లు, చదువులేని వాళ్లు, కింది కులాల వాళ్లు విదేశాల్లో దేశం పరువు తీస్తారని అధికారులు భావించి పాస్‌పోర్టులు ఆపేవారని. 1967లో సత్వంత్ సింగ్ సాహ్నీ కేసులో సుప్రీంకోర్టు విదేశీ ప్రయాణం వ్యక్తిగత స్వేచ్ఛలో భాగమంది. ఆ ఏడే పాస్‌పోర్టు చట్టం వచ్చింది. ఇవాళ పెద్దమ్మ పాస్‌పోర్టు తీసుకుంటే, పదో తరగతి పాస్ కాలేదు గనుక, దాని మీద ఈసీఆర్ పడుతుంది. గల్ఫ్ లాంటి కొన్ని దేశాలకు కూలికి పోవాలంటే ప్రభుత్వం అనుమతి తీసుకోవాలి. రక్షణ కోసమే అంటారు, కొంత నిజమే. ఆ దేశాలకూ మనకూ ఉన్న సంబంధం ఆ ముద్రలో కూడా ఉంది.

పదవుల సంగతికొస్తే కె.ఆర్. నారాయణన్ ఒక్క పేరు చాలామందికి తెలుసు. కేరళలోని ఉళవూరులో పేద దళిత కుటుంబంలో పుట్టి, రోజూ మైళ్లు నడిచి బడికి పోయి, ఫీజు కట్టలేక క్లాసు బయట నిలబడి పాఠం విన్న మనిషి. టాటా స్కాలర్‌షిప్ మీద లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో హెరాల్డ్ లాస్కీ దగ్గర చదివారు. 1949లో విదేశాంగ సర్వీసులో చేరి చైనాలో, అమెరికాలో రాయబారిగా పనిచేశారు, మధ్యలో జేఎన్‌యూ వీసీ అయ్యారు, 1997లో రాష్ట్రపతి అయ్యారు. 2000 మార్చిలో క్లింటన్ వచ్చినప్పుడు విందు ప్రసంగంలో ఆయన అన్న మాట మాకు చాలా ఇష్టం. ప్రపంచం ఒక గ్రామం అయిందంటే దాన్ని ఒక్క ఊరి పెద్ద నడుపుతాడని కాదు, పంచాయతీ నడుపుతుంది అని. అమెరికా పత్రికలకు ఆ మాట కటువుగా అనిపించింది. ఊరి పెద్ద అంటే ఎవరో తెలిసినవాడు గనుకే ఆ పోలిక ఆయన నోట్లోంచి వచ్చింది. దేశాలన్నీ సమానం, పైన ఎవరూ లేరు, దాన్నే అరాచక వ్యవస్థ అంటారు అని మొదటి క్లాసులో నేర్పిస్తారు. వాడలో పెరిగినవాళ్లకు ఆ మాట వినగానే అనుమానం వస్తుంది. కాగితం మీద సమానం అన్నది మనకు బాగా పరిచయం.

ఎక్కడ, ఎలా, ఎంతకు

డిగ్రీలో పొలిటికల్ సైన్స్ తీసుకున్నవాళ్లకు అంతర్జాతీయ సంబంధాలు పేరుతో ఒక పేపరు ఉంటుంది. మనలో చాలామంది ఆ పేపరును గ్రూప్-1, సివిల్స్ కోసం కరెంట్ అఫైర్స్‌లా చదివి వదిలేస్తాం. ఎంఏ చేయాలంటే జేఎన్‌యూ, జాదవ్‌పూర్, పాండిచ్చేరి, కేరళ సెంట్రల్ యూనివర్సిటీ లాంటి చోట్ల విడిగా కోర్సులున్నాయి. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో, ఉస్మానియాలో పొలిటికల్ సైన్స్ ఎంఏలో భాగంగా ఈ పేపర్లు చదవొచ్చు. సెంట్రల్ యూనివర్సిటీల్లో చాలావాటికి సీయూఈటీ పీజీ రాయాలి. దరఖాస్తులు సాధారణంగా డిసెంబర్ నుంచి ఫిబ్రవరి మధ్యలో పడతాయి. ప్రశ్నపత్రం ఇంగ్లిష్, హిందీల్లోనే. తెలుగు మీడియం వాళ్లకు ఇది గోడే. మేం దూకింది ఇలా: డిగ్రీ రెండో ఏడు నుంచే తెలుగు అకాడమీ పుస్తకం, ఇంగ్లిష్ పుస్తకం పక్కపక్కన పెట్టుకుని ఒక్కో అధ్యాయం చదివాం. మొదట్లో పేజీకి గంట పట్టింది. కులం, ఆదాయం సర్టిఫికెట్లు అప్పుడే తీసి పెట్టుకోండి. మీసేవ చుట్టూ చివరి వారంలో తిరగడం మా తప్పు, మీరు చేయకండి.

ప్రభుత్వ యూనివర్సిటీల్లో ట్యూషన్ ఫీజు తక్కువే. జేఎన్‌యూలో ఏడాదికి వందల రూపాయల్లో ఉంటుంది. అసలు ఖర్చు ఢిల్లీలో బతకడం, హాస్టల్ దొరికేదాకా గది అద్దె. అదే ఢిల్లీ చుట్టుపక్కల ప్రైవేటు యూనివర్సిటీల్లో ఇదే చదువుకు ఏడాదికి లక్షలు. ఈ సబ్జెక్టులో కొత్త ఉద్యోగాలు, విదేశీ ప్రొఫెసర్లు, సదస్సులు ఎక్కువగా ఇప్పుడు అటే పోతున్నాయి. ప్రైవేటు విద్యాసంస్థల్లో రిజర్వేషన్లు పెట్టొచ్చని రాజ్యాంగంలో 15వ అధికరణం 5వ క్లాజు చెబుతోంది, 2014లో సుప్రీంకోర్టు అది చెల్లుతుందని కూడా అంది. అమలు చేయడానికి కేంద్ర చట్టం మాత్రం లేదు. ఇంకో పదేళ్లు ఇలాగే నడిస్తే విదేశాంగ విధానం గురించి టీవీల్లో, పత్రికల్లో మాట్లాడే తరం మొత్తం ఆ గోడల లోపలి నుంచే వస్తుందని మా భయం.

పరిశోధనకు నెట్ జేఆర్‌ఎఫ్ దారి. రాజకీయాలు, అంతర్జాతీయ సంబంధాలు కలిపి నెట్‌లో ఒక సబ్జెక్టు విడిగా ఉంది, పొలిటికల్ సైన్స్ వేరు. మీ ఎంఏ ఏది అన్నదాన్ని బట్టి చూసుకుని దరఖాస్తు చేయండి. విదేశాల్లో చదవాలంటే తెలంగాణలో అంబేద్కర్ ఓవర్సీస్ విద్యానిధి కింద 20 లక్షల దాకా సాయం ఉంది. కేంద్రంలో నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ ఉంది, 1954-55 నుంచీ నడుస్తున్నది. మొత్తం 125 సీట్లు, అందులో 115 షెడ్యూల్డ్ కులాలకు. 2025లో ఎంపికైన 106 మందిలో మొదట 40 మందికే ఉత్తర్వులిచ్చి, మిగతావి నిధులుంటే చూస్తామన్నారు.

కానీ అంతకంటే పెద్ద దెబ్బ 2022 ఫిబ్రవరిలో పడింది. భారతీయ సంస్కృతి, వారసత్వం, చరిత్ర, భారత్ మీద సామాజిక అధ్యయనాలు అంశంగా తీసుకుంటే ఈ స్కాలర్‌షిప్ ఇవ్వం అని మార్గదర్శకాల్లో చేర్చారు. ఆ విషయాలకు నిపుణులు, గ్రంథాలయాలు ఇక్కడే ఉన్నాయి కదా, బయటికెందుకు అన్నది అధికారుల వివరణ. 1916 మేలో కొలంబియా యూనివర్సిటీలో 25 ఏళ్ల విద్యార్థి ఒకాయన భారతదేశంలో కులాల పుట్టుక మీద సెమినార్ పేపరు చదివాడు. బరోడా మహారాజు స్కాలర్‌షిప్ మీద పోయినవాడు. ఇవాళ్టి నిబంధన అప్పుడుంటే ఆ పేపరు అంశంగా పెట్టి దరఖాస్తు చేస్తే వెనక్కి వచ్చేది.

ఇప్పుడు మన పిల్లలు చేస్తున్నది ఏమిటంటే, దరఖాస్తులో అంశాన్ని సరఫరా గొలుసులు అనో, కార్మిక ప్రమాణాలు అనో, వలస పాలన అనో రాస్తున్నారు. కులం అన్న మాట టైటిల్‌లో ఉండదు, లోపల ఉంటుంది. దీన్ని మోసం అనలేం. సీడ్ పత్తి మీద పరిశోధన నిజంగానే సరఫరా గొలుసుల మీద పరిశోధన. అయినా తన మాట తాను పెట్టుకోలేని విద్యార్థి మొదటి రోజే ఒక మెట్టు కింద నుంచి మొదలుపెడుతుంది.

పోయిన నెల గద్వాలలో ఒక డిగ్రీ అమ్మాయి అంతర్జాతీయ నదీ జలాల ఒప్పందాల మీద అసైన్‌మెంట్ రాయాలని మా దగ్గరికొచ్చింది. ఇంటర్నెట్ నుంచి సింధు ఒప్పందం, 1960, అంతా దింపుకుని వచ్చింది. మీ ఊరు ఏది అని అడిగితే వడ్డేపల్లి వైపు అంది. అంటే ఆర్డీఎస్ కాలువ చివర. తుంగభద్ర నీళ్ల మీద 1944లో మద్రాసు ప్రెసిడెన్సీ, హైదరాబాద్ సంస్థానం చేసుకున్న ఒప్పందం గురించి చెప్పాం. అప్పుడు ఒకవైపు బ్రిటిష్ ఇండియా, ఇంకోవైపు నిజాం రాజ్యం. తర్వాత బచావత్ ట్రిబ్యునల్ రాజోలిబండకు 17.1 టీఎంసీలు ఇచ్చింది, అందులో 15.9 మనవైపు వాటా. 87,500 ఎకరాల ఆయకట్టు కాగితం మీద ఉంది. చివరి ఊళ్లకు ఎన్ని నీళ్లొస్తాయో, వచ్చిన ఊళ్లో ఎవరి పొలం కాలువకు దగ్గర, ఎవరి అసైన్డ్ భూమి దూరం అన్నది ఆమెనే లెక్క రాసుకు రమ్మన్నాం. రాస్తోంది.

పెద్దమ్మకు మాత్రం ఇంకా జవాబు చెప్పలేదు. జర్మనీ, ఫిర్యాదు, కంపెనీ అని మొదలుపెట్టాం గానీ, "క్రాసింగ్ అయిపోనీ, అప్పుడు కూసొని ఇంటా" అంది.